గంజాయి షాపులో వాటా: పన్ను భారం తగ్గితే లాభం నిలుస్తుందా?

మేముండేది కాలిఫోర్నియాలో. 2018 జనవరి నుంచి ఇక్కడ ఎవరైనా పెద్దలు షాపుకెళ్లి గంజాయి కొనుక్కోవచ్చు. తెలిసినాయన ఒకరు తన షాపులో వాటా తీసుకోమంటున్నారు. లెక్కలు చూశాను. అమ్మకాలు బాగానే ఉన్నాయి, కానీ ఫెడరల్ పన్ను చట్టం సెక్షన్ 280-ఈ వల్ల సరుకు ఖర్చు తప్ప షాపు అద్దె, కౌంటర్ దగ్గర కుర్రాళ్ల జీతాలు, ఏవీ మినహాయించుకోవడానికి లేదు. గంజాయిని షెడ్యూల్ 3లోకి, అంటే ఫెడరల్ మత్తుమందుల జాబితాలో కట్టడి తక్కువున్న వర్గంలోకి మారిస్తే ఆ బెడద పోతుందని ఆయన ధీమా.

నా అనుమానం వేరే. ఫెడరల్‌గా దారి తెరుచుకుంటే పెద్ద కంపెనీలు దిగవా? పన్నులో మిగిలింది కాస్తా ధరల పోటీలో కొట్టుకుపోదా? ఈ వ్యాపారం చేసినవాళ్లు, దీని అకౌంట్స్ చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

అసలు టెన్షన్ ఇంకొకటి: నాది గ్రీన్‌కార్డ్. రాష్ట్రం ఒప్పుకున్నా గంజాయి వ్యాపారం సిటిజన్‌షిప్‌కి అడ్డం రావచ్చని 2019లోనే ఇమిగ్రేషన్ వాళ్లు స్పష్టం చేశారు. నా భార్య పేరున పెడితే నాకు ఇబ్బంది తప్పుతుందా?