మన సైకిల్ యావరేజ్‌ని టూర్ రేసర్లతో పోల్చుకోవటం తప్పా?

భవానీపురం రైడర్:
మొన్న ఆదివారం చీకటితోనే బయల్దేరి ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి నుంచి కరకట్ట ఎక్కి రాయపూడి దాకా వెళ్ళొచ్చా, రానూపోనూ 40 కిలోమీటర్ల పైనే, యావరేజ్ గంటకి 24 కిలోమీటర్లు వచ్చింది, మూడేళ్ళలో నాకు అదే బెస్ట్. ఆ సంతోషంలో మా గ్రూపులో పెట్టా, ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌ని 2022లో డెన్మార్క్ రేసర్ వింగెగార్డ్ 42 యావరేజ్ మీద గెలిచాడు, నేను అందులో సగం దాటేశా అని. ఒకాయన పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంది అన్నాడు. బాధేసింది. వీధిలో క్రికెట్ ఆడే పిల్లాడు కోహ్లీలా కవర్ డ్రైవ్ కొడతానంటే ముచ్చటపడతాం కదా, సైకిల్ తొక్కేవాడు అంటే తప్పేంటి?

పటమట:
పోల్చుకోవటం తప్పు కాదు తమ్ముడూ, లెక్కే తప్పు. గాలిని తోసుకుపోవటానికి పట్టే శక్తి స్పీడుకి ఘనంలో పెరుగుద్ది, 24 నుంచి 42కి పోవాలంటే గాలి ఒక్కదానికే ఐదు రెట్లు పైన కావాలి. పైగా వాళ్ళు గుంపులో ఒకడి వెనక ఒకడు నక్కి తొక్కుతారు, నువ్వు కృష్ణ మీద నుంచి కొట్టే గాలికి ఒక్కడివే ఎదురెళ్ళావ్. ఒంటరి లెక్క కావాలంటే ఇటలీ రేసర్ గన్నాని చూడు, 2022 అక్టోబర్‌లో ట్రాక్ మీద ఎవరి చాటూ లేకుండా గంటలో 56.792 కిలోమీటర్లు.

బ్రాడీపేట:
నా భయం వేరేనండి. పోయినేడు మంగళగిరి దగ్గర సర్వీస్ రోడ్డులో 28 నిలబెట్టాలని తల వంచి మీటరే చూస్తూ తొక్కుతున్నా, రాంగ్ రూట్లో వచ్చే ఆటో కనపళ్ళా. బ్రేక్ పట్టేసరికి ముందు చక్రం ఇసకలో జారింది, మోచేతికి తొమ్మిది కుట్లు. వాళ్ళకి రోడ్డు మూసేస్తారు, వెనక కార్లో మెకానిక్ ఉంటాడు, మనకి ఎదురొచ్చేది గేదెల మంద. అందుకే ఇప్పుడు బ్రెవేలు, అంటే గడువులోగా దూరం పూర్తిచేసే లాంగ్ రైడ్లు తొక్కుతున్నా, 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో చేరితే చాలు, ర్యాంకులుండవు, ఎవరితోనూ పోటీ లేదు.

భవానీపురం రైడర్:
అక్కా, మీటర్ సంగతి ఒప్పుకుంటా, ఇకనుంచి జేబులోనే. అన్నా, నీ లెక్కా ఒప్పుకుంటా. కానీ పోలిక మాత్రం వదలను, ఎందుకంటే నాకు తొక్కటం నేర్పింది అదే. మొదట్లో బరువు గేరులో కసిగా తొక్కేవాణ్ణి, ఇంటికొచ్చాక మెట్లు దిగాలంటే మోకాళ్ళు పట్టేసేవి. వాళ్ళ కాళ్ళు చూశా, నిమిషానికి 90 చుట్లు, తేలిగ్గా తిరుగుతున్నాయి. రెండు గేర్లు తగ్గించా, నెలకల్లా నొప్పి పోయింది. తిండీ అంతే. వెంకటపాలెం వచ్చేసరికి కళ్ళు తిరిగేవి, ఆకలేశాక తింటే లాభం లేదని వాళ్ళు తొక్కుతూనే తింటుంటే చూసి తెలుసుకున్నా. ఇప్పుడు వెనక జేబులో రెండు చక్కెరకేళీలు, ఓ వేరుశనగ ఉండ, అరగంటకోసారి ఏదోటి నోట్లో పడాల్సిందే. నన్ను నా పక్కింటాయనతో పోల్చుకునుంటే ఇవి తెలిసేవా?

పటమట:
అది పోలిక కాదు తమ్ముడూ, నేర్చుకోవటం. నంబర్ పక్కన నంబర్ పెట్టటమే నాకు నచ్చంది, కొత్తగా వచ్చే పిల్లలు అది చూసి నిరాశపడి సైకిల్ అమ్మేసుకుంటున్నారు, మా వీధిలోనే ఇద్దరు. సరే, ఆదివారం ఐదుంపావుకి బ్యారేజీ సీతానగరం చివర ఉంటా, నలుగురం వరసగా, ముందుండేవాణ్ణి మార్చుకుంటూ పోదాం. 24 ఎంతవుద్దో చూద్దువుగాని.

బ్రాడీపేట:
నేనూ వస్తా, గుంటూరు నుంచి నాలుగింటికే బయల్దేరతా. అందరూ వెనక ఎర్ర లైటు పెట్టుకుని రండి, ముందు గొయ్యి ఉంటే చెయ్యి చూపించాలి, అది లేకుండా వరసలో నేను తొక్కను.