పాత బడి దృశ్యాల మీది వ్యాఖ్యానం ఉంచాలా, తీసేయాలా?

ఎడమ కాలువ (నల్లగొండ):
పన్నెండు నిమిషాల ప్రయోగాత్మక చిత్రం కూరుస్తున్నాను. అన్నీ పాత ప్రభుత్వ డాక్యుమెంటరీల ముక్కలే: వరుసల్లో పిల్లలు, పలకలు, నల్లబల్ల. 1960కి ముందు విడుదలైనవే తీసుకున్నాను. ప్రభుత్వ చిత్రాలకు హక్కు 60 ఏళ్లే కాబట్టి ఆ చిక్కు లేదు. చిక్కంతా గొంతుతోనే. ప్రతి ముక్క మీదా ఒక గంభీరమైన మగగొంతు పిల్లల భవిష్యత్తు గురించి చెబుతూనే ఉంటుంది. శబ్దం ఆపి చూస్తే, ఒక అబ్బాయి పలక మీద ఏదో గీస్తూ, కెమెరాను చూసి చేత్తో కప్పేశాడు. మూడు సెకన్లు. గొంతు నడిచినంతసేపూ అది నా కంటపడనే లేదు. వ్యాఖ్యానం తీసేద్దామనుకుంటున్నాను. తప్పా?

కత్తెర (మిర్యాలగూడ):
తప్పే. ఆ గొంతే ఆనాటి చదువు. 1948లో మొదలైన ప్రభుత్వ డాక్యుమెంటరీల సంస్థ ఫిల్మ్స్ డివిజన్ ఒకే చిత్రానికి భాషకొక వ్యాఖ్యానం చేర్చేది, హాళ్లలో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేయించేది. మాట్లాడేదెవరో, వినేదెవరో ముందే తేలిపోయిన బడి అది. గొంతు తీసి పియానో పెడితే (పెడతారు, అందరూ పెడతారు) మిగిలేది ముద్దొచ్చే పిల్లల ఆల్బం.

విశ్రాంత ఉపాధ్యాయుడు (మహబూబ్‌నగర్):
1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఉపగ్రహ టీవీ ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు, అందులో మన జిల్లావీ ఉన్నాయి. ఉపగ్రహం అమెరికా వాళ్లది, అరువు. అప్పుడు నేను అయిదో తరగతి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల యాంటెన్నా గొడుగు తెచ్చి బడి దగ్గర నిలబెట్టారు. టీవీలో ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. అన్ని కంతలున్న జాలీలో బొమ్మ ఎలా నిలుస్తుంది, వాన కురిస్తే తడుస్తుందా అని వాదులాడుకున్నది మాత్రం గుర్తుంది. టీవీ తన మానాన చెప్పుకుపోతుంటే మేం వినకుండా కూర్చుని ఊహించుకున్నాం. గొంతు ఉంచండి బాబూ.

ఎడమ కాలువ:
సార్, వినకుండా ఉండటం మీకు ఏడాది అలవాటు. చూసేవాళ్లకు నేనిచ్చేది పన్నెండు నిమిషాలు. ఆ మూడు సెకన్లను ఒకసారి గొంతుతో, ఒకసారి నిశ్శబ్దంగా చూపిస్తే?

కత్తెర:
రెండోసారి చూపించారంటే బెత్తం పెట్టి చూపినట్టే. మళ్లీ పాఠం.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఇంతకీ ఆ పిల్లవాడు గీసిందేమిటి?

ఎడమ కాలువ:
తెలియదు సార్. పెద్దది చేసి కూడా చూశాను. చెయ్యే కనిపిస్తోంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
పెద్దది చేసిన ముక్క సినిమాలో పెట్టకండి. దాచుకున్నాడు కదా.