కొలువు బాగానే ఉన్నప్పుడు కూడా వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉండాలా?

కాజీపేట కుర్రాడు:
హన్మకొండలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. చేరి 4 ఏళ్ల 3 నెలలైంది. జీతం టైమ్‌కి పడుతుంది, ఇంటికి దగ్గర. ఏటా సంక్రాంతి సెలవుల్లో రెజ్యూమె తిరగరాసుకోవడం నాకు అలవాటు. ఈసారి కూర్చుంటే, పోయిన ఏడాది కొత్తగా నేర్చుకున్నది రాయడానికి ఒక్క లైను కూడా దొరకలేదు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఇంట్లో చెబితే, అన్నం పెట్టే చోట ఇదేం బుద్ధి అన్నారు. మీరేమంటారు?

పాత లెక్కల మనిషి:
తమ్ముడూ, మీ ఇంట్లోవాళ్లదే రైటు. నేను 19 ఏళ్లు ఒకే దుకాణంలో పద్దులు రాశాను. మా బాబుకు జబ్బు చేస్తే సేటు అడగకముందే అడ్వాన్స్ చేతిలో పెట్టాడు. ఎప్పుడు పోతాడో తెలియని మనిషికి ఎవరూ అలా ఇవ్వరు.

ఖిలా వరంగల్:
అన్నా, మీ సేటు మంచోడు, కాదనను. కానీ మన ఊరి ఆజంజాహి మిల్లును గుర్తుతెచ్చుకోండి. 1934లో పెట్టిన మిల్లు, ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది. అదీ మూతపడింది. కార్మికులు నమ్మకంగా పనిచేయకనా? యజమాని మంచితనం వేరు, సంస్థ ఆయుష్షు వేరు. రెజ్యూమె రాసుకోవడం ద్రోహం ఎలా అవుతుంది?

సుబేదారి అక్క:
తమ్మీ, సిద్ధంగా ఉండు, కానీ తొందరపడి రాజీనామా రాయకు. నేను ఆఫీసులో జీతాల పని చూస్తాను కాబట్టి చెబుతున్నా. పర్మనెంట్ ఉద్యోగం మానేసేటప్పుడు గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు యజమాని ఒకేసారి ఇచ్చే డబ్బు, రావాలంటే 5 ఏళ్లు నిండాలి. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలకు 26 రోజుల లెక్కన కడతారు. అంటే 5 ఏళ్లకు దాదాపు మూడు నెలల బేసిక్, డీఏ. నీకింకా 9 నెలలే ఉంది, దసరా దాటితే చాలు. ఇంకో మాట: మారితే పీఎఫ్ తీసేసుకోకు, అదే యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) కొత్త చోట ఇవ్వు. పింఛనుకు 10 ఏళ్ల సర్వీసు కావాలి, ఆ పింఛను డబ్బు కూడా తీసుకుంటే ఈ నాలుగేళ్లూ లెక్కలోంచి పోతాయి. హైదరాబాద్‌లో ఆరు వేలు ఎక్కువ ఇస్తామంటే ముందు రూమ్ అద్దె అడుగు.

పాత లెక్కల మనిషి:
ఈ అక్క చెప్పింది పనికొచ్చే మాట. అయినా తమ్ముడూ, నేర్చుకోవడానికి ఏమీ లేదంటున్నావు, అక్కడ ఎవరినైనా అడిగావా?

కాజీపేట కుర్రాడు:
లేదన్నా, మీరన్నాకే తట్టింది. ఈరోజు సూపర్‌వైజర్ సార్‌ని అడిగా, వారానికి రెండు రోజులు మైక్రోబయాలజీలో కూర్చోబెట్టమని. కల్చర్ టెస్టులు నాకు రావు. చూద్దాం అన్నారు. దసరా దాకా ఆగుతా. ఆ లైను రెజ్యూమెలోకి ఎక్కితే ఇక్కడే ఉంటా, లేకపోతే వెతుకుతా. ఇంట్లో కూడా ఇదే చెప్పా. అమ్మ ఏమీ అనలేదు.