నాటాల్ వెళ్లిన ముత్తాత సొంతూరు పట్టేదెలా?

ప్రశ్న: 1890లలో మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, డర్బన్ రేవుకు, గిర్మిట్ (ఒప్పంద) కూలీగా వెళ్లిన ముత్తాతది ఏ ఊరో తెలుసుకోవాలి. చేతిలో ‘నాయుడూ’ అన్న పేరొక్కటే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: ఆ పేరుతో వెతక్కండి, లెక్కలేనంతమంది తగులుతారు. అది ఇంటిపేరు కాదు, కులాన్ని బట్టి వచ్చి అతుక్కున్నది. ముందు కలోనియల్ నంబరు, అంటే నాటాల్ వెళ్లిన ఒక్కో కూలీకి ఇచ్చిన సంఖ్య, పట్టుకోండి. పాత పెళ్లి, మరణ పత్రాల మీద ఉండొచ్చు. దాంతో ఓడ జాబితా తీస్తే తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలతో సహా దొరుకుతాయి.

ఇంకో జవాబు: ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిందే. పైకి చదివితేనే తెలుస్తుంది. శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలో ‘చికకోల్’. విశాఖ కింద వెతికితే దొరకదు.

అడిగినవారు: మరణ పత్రంతోనే మొదలుపెడతానండీ.