అప్‌డేట్: మేపుల్ సిరప్ అడుగున చేరిన మడ్డి సంగతి
మేపుల్ చెట్టు రసాన్ని ఇంట్లో కాచి చేసిన తీపి పాకం, అంటే మేపుల్ సిరప్, అడుగున ఇసుకలాంటి మడ్డి ఎందుకు పేరుకుంటోందని ఇంతకుముందు అడిగాను. అది మురికి కాదనీ, చెట్టు రసంలోని ఖనిజ లవణాలు, ముఖ్యంగా కాల్షియం మాలేట్, రసం చిక్కబడేకొద్దీ విడిపోయి అడుగుకు చేరుతాయనీ మీరిచ్చిన వివరణ సరిగ్గా సరిపోయింది. ఈసారి మామూలు నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో ముందే థర్మామీటరుతో చూసుకొని, రసం అంతకంటే సుమారు 4 డిగ్రీల సెల్సియస్ ఎక్కువకు చేరగానే గిన్నె దించి, వేడి మీదే మందపాటి ఉన్ని గుడ్డలో వడగట్టాను. చల్లారితే అది గుడ్డలోంచి దిగనే దిగదు. లీటరు సిరప్‌కు సుమారు 40 లీటర్ల రసం కావాలంటే, మిగిలినదంతా ఆవిరే కదా. ఇల్లంతా ఆవిరి నిండకుండా ఆరుబయట కాచమన్న మీ సలహా విలువ అప్పుడు తెలిసింది. సిరప్ ఇప్పుడు తేటగా ఉంది, పాన్‌కేకుల మీద పోసుకుంటే పంటికింద గరగర లేదు.