ఆర్‌సీ చూపిస్తేనే రేడియో కోడ్ తీసిస్తాననడం న్యాయమేనా?

బైరాగిపట్టెడ_బండి
తిరుపతి అన్నలకి నమస్కారం. ఈమధ్యే బెంగళూరు నుంచి 2013 డస్టర్ సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నా. బండికి వంక పెట్టడానికి లేదు. బ్యాటరీ పోతే కొత్తది వేయించా. అప్పటినుంచి స్టీరియో ఆన్ చేస్తే పాట రావడం లేదు, కోడ్ కొట్టమంటోంది. మాన్యువల్ లేదు, కోడ్ రాసుకునే కార్డూ లేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

రేణిగుంట రోడ్డులో ఒక స్టీరియో షాపుకి వెళ్తే మొదటి మాటే "ఆర్‌సీ మీ పేరు మీదుందా సార్?" అన్నాడు. ఎన్‌ఓసీ (బండి వేరే చోటికి మార్చుకోవడానికి పాత ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చింది, ట్రాన్స్‌ఫర్ ఇంకా నడుస్తోంది అని చెప్పా. "అయితే మన వల్ల కాదు" అని పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. డబ్బులిచ్చి కొనుక్కున్న బండిలో నా రేడియో నేను వినడానికి ఇతగాడి పర్మిషన్ ఏంటి? కోడ్ తీసేవాడికి ఆర్‌సీతో ఏం పని? మీరే చెప్పండి.

ఘాట్‌రోడ్_ట్రావెల్స్
కోపం వద్దు సామీ, ఆయన చేసింది కరెక్టే. అసలు ఆ కోడ్ ఎందుకొచ్చిందో ఆలోచించండి. ఒకప్పుడు విదేశాల్లో కార్ల అద్దాలు పగలగొట్టి రేడియోలు ఎత్తుకుపోవడం బాగా ఎక్కువైంది. బ్యాటరీ కరెంటు తెగితే కోడ్ కొట్టేదాకా పనిచెయ్యని సెట్లు కంపెనీలు తెచ్చింది అందుకే. దొంగిలించినా అమ్ముడుపోకూడదని పెట్టిన తాళాన్ని ఎవరడిగితే వాళ్ళకి తీసిచ్చేస్తే ఇంక అది పెట్టిందెందుకు? మన ఊరికి రోజూ పొరుగు రాష్ట్రాల బండ్లు ఎన్ని వస్తున్నాయో మీకు తెలీనిది కాదు. ఏది ఎవరిదో షాపువాడికెట్లా తెలుస్తుంది?

కోడింగ్_కుర్రోడు
తాళం అంటున్నారు గానీ, ఇది తాళంచెవిని తాళానికే కట్టి వేలాడదీసినట్టు ఉంటుందన్నా. ఈ డస్టర్ తయారుచేసిన రెనో కంపెనీ సెట్ల సంగతే చూడండి. సెట్టు మీద స్టిక్కరుంటుంది, దాంట్లో ఒక అక్షరం, మూడు అంకెలు కలిసిన ప్రీకోడ్ ఉంటుంది. ఆ నాలుగింటినీ ఒక లెక్కలో వేస్తే నాలుగంకెల కోడ్ బయటికొస్తుంది. ఆ లెక్క ఎప్పుడో బయటపడింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా చేసిపెట్టే పేజీలు బోలెడు. సెట్టు చేతిలో ఉంటే ప్రీకోడ్ కూడా చేతిలో ఉన్నట్టే కదా? దొంగకి పట్టేది నిమిషం. ఆర్‌సీ తే, ఆధార్ తే అని తిప్పించుకునేది నిజమైన ఓనర్లనే. దీన్ని సెక్యూరిటీ అనరు, షో అంటారు.

ఘాట్‌రోడ్_ట్రావెల్స్
అయితే ఇంటర్నెట్‌లోనే చూసుకోండి, షాపుకి పోవడమెందుకు?

బైరాగిపట్టెడ_బండి
స్టిక్కరు చూడాలంటే సెట్టు బయటికి తీయాలి అన్నా. నేను లాగితే డాష్‌బోర్డు ముక్కలు చేతికొస్తాయేమోనని టెన్షన్. కొన్ని సెట్లలో 1, 6 బటన్లు కలిపి నొక్కిపడితే నంబరు స్క్రీన్ మీదే వస్తుందన్నారు. నాకు రాలేదు.

కొర్లగుంట_ఆటోఎలక్ట్రికల్
ఈ పని చేసేవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు అందరికీ ఒక హెచ్చరిక. నాలుగంకెలే కదా, 0000 నుంచి వరసగా కొట్టి చూద్దామని మాత్రం కూర్చోకండి. పాత ఫోక్స్‌వ్యాగన్ సెట్లలో రెండుసార్లు తప్పు కొడితే "సేఫ్" అని పడుతుంది, గంటసేపు ఆన్‌లో ఉంచితే గానీ మళ్ళీ అవకాశం ఇవ్వదు. పదివేల నంబర్లు, గంటకి రెండు. లెక్కేసుకోండి, 200 రోజులు దాటుతుంది. హోండాలో కోడ్ ఐదంకెలు, పది అవకాశాలిచ్చి తర్వాత గంట ఆపుతుంది. కొన్ని కంపెనీల సెట్లయితే తప్పులు మితిమీరితే పూర్తిగా మూసుకుపోతాయి, ఆ తర్వాత అసలు కోడ్ కొట్టినా పలకవు. అలా మొండికేసిన సెట్లే మా దగ్గరికి ఎక్కువ వస్తాయి. అప్పుడు సెట్టు విప్పి, లోపల కోడ్ దాచుకునే ఎనిమిది కాళ్ళ మెమరీ చిప్‌ని ప్రోగ్రామర్ అనే పరికరంతో చదవాలి. కొన్నిట్లో కోడ్ ఉన్నదున్నట్టు కనబడుతుంది, కొన్నిట్లో తిరగేసి మరగేసి దాచి ఉంటుంది.

ఇక ఆర్‌సీ గొడవ. కుర్రోడు చెప్పింది నిజమే, ప్రీకోడ్ ఉన్నవాడికి లెక్క దొరుకుతుంది, కాదనను. కానీ నేను ఆర్‌సీ అడిగేది దొంగని ఆపడానికి కాదు, నన్ను నేను కాపాడుకోవడానికి. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ఉంది చూశారా, దొంగ సొత్తు అని తెలిసి తీసుకున్నా, దాన్ని వదిలించుకోవడానికి చెయ్యి వేసినా నేరమే. "తెలిసి" అనే మాట పక్కనే "నమ్మడానికి కారణం ఉండి కూడా" అన్నదీ ఉంటుంది. రేపు స్టేషన్లో "నీకు అనుమానం రాలేదా?" అని అడిగితే నేనేం చెప్పాలి?

అయితే మా దగ్గరికొచ్చే పనులన్నీ ఒకటి కాదు. బండిలో బిగించి ఉన్న సెట్టు వేరు, క్యారీబ్యాగులో పట్టుకొచ్చిన సెట్టు వేరు. క్యారీబ్యాగులో వస్తే ముందు వెనక్కి తిప్పి కనెక్టరు చూస్తా. పద్ధతిగా తీసినవాడు సెట్టు ముందు రెండు పక్కలా ఉన్న చిన్న రంధ్రాల్లో పిన్నులు దూర్చి, టక్కున శబ్దం వచ్చాక లాగుతాడు, వెనక కనెక్టరు లాక్ నొక్కి విప్పుతాడు. అక్కడ ఏ దెబ్బా కనబడదు. తొందరలో ఉన్నవాడు కట్టర్‌తో కోసేస్తాడు. కనెక్టరు సెట్టుకే అంటుకుని ఉంటుంది, దాన్నుంచి జానెడు వైర్లు మొండిగా వేలాడుతుంటాయి, పక్క రంధ్రాల చుట్టూ స్క్రూడ్రైవర్ గీతలు. అలాంటిది వస్తే బిల్లు చూపించినా నేను ముట్టను. బండితో సహా వచ్చినవాణ్ణి మాత్రం ఎందుకు తిప్పి పంపాలి? బండి నంబరు, చాసిస్ నంబరు, కాగితం, మూడూ కలిస్తే చాలు. ఆర్‌సీ మీ పేరు మీదే ఉండాలని పట్టుబట్టడం మాత్రం అతి.

చిత్తూరు_టీచరమ్మ
మీరు పద్ధతిగా చేస్తున్నారు, సంతోషం. అందరూ అలా లేరు. మా వారి కారుకి ఇదే పని పడితే ఒక షాపులో ఆర్‌సీ, ఆధార్ రెండూ వాట్సాప్‌లో పెట్టమన్నారు. రేడియోకి ఆధార్ ఎందుకండీ? ఆ ఫొటోలు ఎవరి ఫోన్లో ఎంతకాలం ఉంటాయో, ఎవరికి వెళ్తాయో! డిజీలాకర్‌లో ఆర్‌సీ తెరిచి చూపిస్తానంటే "అది చెల్లదు మేడమ్" అన్నాడు. రోడ్డు మీద ఆపిన పోలీసుకి చెల్లేది స్టీరియో షాపులో చెల్లదట! కాగితం అడగడం వేరు, దాచుకోవడం వేరు. చూడండి, సరిపోల్చుకోండి, తిరిగి ఇచ్చెయ్యండి. కావాలంటే పుస్తకంలో బండి నంబరు రాసుకుని సంతకం పెట్టించుకోండి, వద్దనం.

కొర్లగుంట_ఆటోఎలక్ట్రికల్
ఆ మాట ఒప్పుకుంటా మేడమ్. నేనూ పుస్తకమే రాస్తా, ఫొటోలు తీయను.

అలిపిరి_ఆడియో
ఇంత చర్చ దేనికి? పాత సెట్టు పీకేసి ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టుకోండి. మ్యాప్స్ వస్తాయి, రివర్స్ కెమెరా వస్తుంది.

కోడింగ్_కుర్రోడు
నాలుగంకెలు కొడితే పోయేదానికి వేలకి వేలు పెట్టి, స్టీరింగ్ దగ్గరి బటన్లు పని చెయ్యక మళ్ళీ ఇంకో షాపు చుట్టూ తిరగాలా? మీ వ్యాపారం మీరు చూసుకుంటున్నారు గానీ అన్నా.

బైరాగిపట్టెడ_బండి
కొర్లగుంట అన్నకి దండం. ఇప్పుడు నాకో సందేహం. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే వాళ్ళూ ఆర్‌సీ, చాసిస్ నంబరు అడిగారు. అది అర్థం చేసుకోగలను. నా దగ్గర బెంగళూరు ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ ఉంది, అమ్మినాయన సంతకం పెట్టిన 29, 30 ఫారాలు (బండి పేరు మార్పిడికి ఇచ్చేవి) ఉన్నాయి. ఆ షాపతను వీటిలో ఒక్కటీ అడగలేదు. "మీ పేరు మీదుందా" అన్నాడు, లేదనగానే వెళ్ళిపోయాడు. నా బాధంతా అక్కడే.

ఘాట్‌రోడ్_ట్రావెల్స్
29, 30 నమ్మొద్దు. బ్రోకర్ల సొరుగులు తీసి చూడండి, సంతకం ఉండి పేరు లేని ఖాళీ ఫారాలు కట్టలు కట్టలు ఉంటాయి. ఎవరి పేరైనా రాసుకోవచ్చు. నేను షాపువాణ్ణయితే వాటిని చూసి చెయ్యి వేయను.

కొర్లగుంట_ఆటోఎలక్ట్రికల్
ఆ ఫారాల సంగతిలో ట్రావెల్స్ అన్నతోనే నేను. కానీ ఎన్‌ఓసీని ఆ గాటన కట్టకండి. అది ఆర్టీవో ఇచ్చే కాగితం. మోటారు వాహనాల చట్టం 48వ సెక్షన్ ప్రకారం, ఆ బండి మీద దొంగతనం కేసేదీ లేదని పోలీసుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే దాన్ని ఇవ్వాలి. నన్నడిగితే ఈ పనికి ఆర్‌సీ కన్నా ఎన్‌ఓసీయే గట్టిది. ఆర్‌సీ బండి ఎవరిదో చెబుతుంది, ఎన్‌ఓసీ ఆ బండి మీద కేసుందా లేదా చూసి ఇచ్చింది. దాంట్లో రాసిన చాసిస్ నంబరు, బండి మీద కొట్టిన నంబరు ఒకటైతే నేను పిన్నులు తీస్తా.

కోడింగ్_కుర్రోడు
ఎన్‌ఓసీ బండి గురించి చెప్పింది సరే అన్నా. ఆ బండిలో ఉన్న సెట్టు గురించి ఏం చెప్పింది? పాత ఓనరు ఎక్కడో చవగ్గా కొన్న సెట్టుని దాంట్లో బిగించి ఉంటే? మీరు చూసిన మూడు నంబర్లూ కలుస్తాయి, సెట్టు మాత్రం ఇంకొకడిది.

కొర్లగుంట_ఆటోఎలక్ట్రికల్
కలుస్తాయి, నిజమే. అందుకే బండితో వచ్చినా సెట్టు బయటికి తీశాక ముందు కనెక్టరు వైపే చూస్తా. కంపెనీ కనెక్టరు నేరుగా కూర్చుని ఉంటే సరే. మధ్యలో ఎక్కడైనా వైర్లు కోసి, మెలిపెట్టి టేపు చుట్టి ఉంటే ఆగి అడుగుతా. ఇంతకు మించి నా చేతిలో లేదు తమ్ముడూ.

బైరాగిపట్టెడ_బండి
సరే అన్నా, ఎన్‌ఓసీ ఒరిజినల్ పట్టుకుని బండితోనే వస్తా. పిన్నులు మీవే కదా, నన్ను లాగమనరుగా?

కొర్లగుంట_ఆటోఎలక్ట్రికల్
మీరు ముట్టుకోకండి సార్. ఇంకోటి, ఈసారి బ్యాటరీ మార్పించేటప్పుడు పాతది విప్పకముందే ఇంకో బ్యాటరీని కేబుళ్ళతో ప్యారలల్‌గా తగిలించమనండి. కరెంటు తెగకపోతే సెట్టు కోడ్ అడగదు. కోడ్ వచ్చాక మాన్యువల్ కోసం వెతక్కుండా బ్యాటరీ వారంటీ కార్డు వెనక రాసిపెట్టుకోండి, మళ్ళీ అవసరమయ్యేది ఆ కార్డు చేతికి తీసుకున్న రోజే.