కోత పండుగ, ఈ శనివారం – పనుల లిస్టు (ఫోన్లు చేయొద్దు, ఇక్కడే రాయండి)

సెక్రటరీ, సోమవారం రాత్రి
అందరికీ వందనాలు. ఇంక ఐదు రోజులే ఉంది. కోత రోజు పొలం దగ్గరి హాల్లో మన సంఘం భోజనం, ప్లేట్లు అమ్మిన డబ్బు ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంక్‌కి (ఆకలితో ఉన్న దేశాలకి సాయం చేసే కెనడా చర్చిల సంస్థ). వంట 150 మందికి, భీమవరం అక్క టీమ్. బ్యానర్, స్టేజి తెనాలి తమ్ముడు. పిల్లల కోలాటం రిహార్సల్ బుధవారం సాయంత్రం. కార్లు ఎవరెవరివో రేపటికి చెప్పండి. పొలం విన్నిపెగ్ నుంచి గంటన్నర, జీపీఎస్‌ని నమ్ముకోవద్దు, పోయినేడు సంగతి గుర్తుంది కదా.

భీమవరం అక్క, మంగళవారం మధ్యాహ్నం
కొంప మునిగింది. హాలు కమిటీ వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. ఇళ్ళల్లో వండి తెచ్చింది అక్కడ వడ్డించడానికి వీల్లేదట, పర్మిట్ ఉన్న కిచెన్‌లో వండిందే పెట్టాలట. నేను 20 కేజీల చికెన్‌కి డబ్బు కట్టేసి వచ్చాను.

నెల్లూరు బాబాయ్
మన డాలర్లు కావాలి, మన బిర్యానీ మాత్రం వద్దా? ఇంత అవమానం పడి అంత దూరం పోవాల్సిన ఖర్మేంటి, చందా ఏదో ఆన్‌లైన్‌లో పంపేసి ఇంట్లో కూర్చుందాం.

తెనాలి తమ్ముడు
బాబాయ్, కోపం వద్దు కానీ మీరు అన్నది తప్పు. ఆ రూలు వాళ్ళక్కూడా ఉంది. నేను గ్రెయిన్ ఎలివేటర్‌లో (రైతుల ధాన్యం కొని నిల్వ చేసే చోట) పనిచేస్తున్నాను, ఆ రైతుల్ని రోజూ చూస్తాను. భూమి ఒకాయన వదిలాడు, విత్తనం ఇంకొకాయన ఇచ్చాడు, శనివారం చుట్టుపక్కల చర్చిల వాళ్ళంతా సొంత కాంబైన్లు (కోత మిషన్లు) సొంత డీజిల్‌తో తెచ్చి ఒక్క పూటలో కోసి, అమ్మిన డబ్బు మొత్తం ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంక్‌కి ఇచ్చేస్తారు. సొంత పొలంలో కోత మిగిలుండగా ఒక పూట వదులుకోవడం అంటే ఏంటో మీకు నేను చెప్పాలా?

నెల్లూరు బాబాయ్
నాకు వ్యవసాయం నేర్పుతున్నావా. అయినా ఆ గోధుమలు ఓడలో ఎక్కించి పంపితే ఆకలితో ఉన్నవాళ్ళకి ఎప్పటికి చేరేను?

తెనాలి తమ్ముడు
ఒకప్పుడు అలాగే పంపేవాళ్ళు. సాయం డబ్బుతో కెనడా గింజలే కొనాలన్న షరతు ఉండేది. 2008లో ఇక్కడి ప్రభుత్వం దాన్ని పూర్తిగా ఎత్తేసింది, ఇప్పుడు ఇక్కడ అమ్మిన డబ్బుతో అవసరం ఉన్న దేశంలోనో, ఆ పక్కనో తిండిగింజలు కొనొచ్చు.

ట్రెజరర్
వాదన కాసేపు ఆపండి, లెక్క చూడండి. ప్లేటుకి 15 డాలర్లు, 150 ప్లేట్లు, అంటే 2,250. అందులో చికెన్ డబ్బు సంఘం ఖాతాలోంచి పోయింది. ఆహార సాయం కోసం బ్యాంక్‌కి మనం ఇచ్చే ప్రతి డాలరుకీ ప్రభుత్వం నాలుగు డాలర్ల దాకా కలుపుతుంది, ఏడాదికి మొత్తం 2.5 కోట్ల డాలర్ల పరిమితిలో. పూర్తిగా కలిస్తే మన 2,250 కాస్తా 11,250. కాబట్టి బిర్యానీ ఆగితే ఆగేది బిర్యానీ ఒక్కటే కాదు.

సెక్రటరీ
వేరే హాలు చూడమంటారా? ఇప్పుడు దొరుకుతుందా?

భీమవరం అక్క
దొరకదు. నాకు టెన్షన్‌తో తలనొప్పి వచ్చేసింది, రాత్రికి చూస్తా.

బందరు పెద్దమ్మ, మంగళవారం రాత్రి
అమ్మ చెబుతుంటే నేను టైప్ చేస్తున్నా. "మన ఊళ్ళో కోత పండుగకి బిర్యానీ ఎవడు పెట్టాడర్రా? వరి కంకులు కట్టి చర్చి గుళ్ళో వేలాడదీసేవాళ్ళం. ఎవరింట్లో ఏది కాస్తే అది, సొరకాయ, గుమ్మడికాయ, అరటి గెల, గుడ్లు, కోడిపుంజు తెచ్చి పెడితే ఆరాధన అయ్యాక వేలం. పాడుకున్నవాడు ఆ గుమ్మడికాయని మళ్ళీ గుడికే ఇచ్చేసేవాడు, మళ్ళీ వేలం. ఒక్క కాయ మూడుసార్లు అమ్ముడుపోయేది. మీ పెరళ్ళలో కాసినవి ఏం చేస్తున్నారు, ఫోటోలు తీసి పెట్టుకుంటున్నారా?"

ట్రెజరర్
పెద్దమ్మా, కాళ్ళకి దండం.

భీమవరం అక్క, బుధవారం ఉదయం
హాలు వాళ్ళని అడిగాను. కోయని పచ్చి కూరగాయలైతే ఏ అభ్యంతరమూ లేదట. కోడిపుంజు సంగతి అడగలేదు, అడగను. ఇంకోటి, ఆ ఫోన్ చేసిన ఆవిడ పాపం చాలా మొహమాటపడింది. శనివారం పొద్దున్న 6కి వస్తే వాళ్ళ కిచెన్‌లోనే వాళ్ళ మనిషి పక్కన ఉండగా వండుకోవచ్చంది. పొయ్యిలు నాలుగే, బిర్యానీ అవదు. పులిహోర, పప్పు. సూపు, తీపి 'పై' (pie) హాలు వాళ్ళే చేస్తారు. చికెన్ ఎవరి ఫ్రీజర్‌లో పడుతుందో వాళ్ళు తీసుకెళ్ళి డబ్బు ట్రెజరర్‌కి ఇవ్వండి.

నెల్లూరు బాబాయ్
5 కేజీలు నాకు. నిన్న నోరు జారాను, తమ్ముడూ ఏమనుకోకు. మా పెరట్లో సొరకాయలు తొమ్మిది ఉన్నాయి, అన్నీ తెస్తా. వరి ఇక్కడ ఎక్కడిది, గోధుమ కంకులు ఒక పన అడిగి పెట్టు.

తెనాలి తమ్ముడు
ముందే అడిగాను బాబాయ్. కాంబైన్ దిగకముందు గట్టు పక్కన చేత్తో కోసుకోమన్నారు, కొడవలి మాత్రం ఎవరి దగ్గరా లేదు.

బందరు పెద్దమ్మ
నా దగ్గరుంది. (అవునండీ, నిజంగానే సూట్‌కేసులో తెచ్చింది.)

సెక్రటరీ, గురువారం
కోలాటం రిహార్సల్ నిన్న జరిగిందా? బ్యానర్ ప్రింటుకి వెళ్ళిందా?

ట్రెజరర్
గుమ్మడికాయలు ఇప్పటికి ఆరు. బీరకాయలు, గోంగూర కట్టలు ఇంకా ఎవరివి?

తెనాలి తమ్ముడు, శనివారం ఉదయం 7:10
రాత్రి మంచు (స్నో కాదు, తేమ మంచు) బాగా పడింది. గింజలో తేమ 16 శాతం చూపిస్తోంది, 14.5కి దిగేదాకా కోయరు. ఎండ కాస్తే మధ్యాహ్నం 2కి కాంబైన్లు దిగుతాయి. అప్పటిదాకా ఇంతమందిని ఏం చేద్దాం?

భీమవరం అక్క
వేలం ముందు పెట్టేయండి. నేను 6 నుంచి పొయ్యి దగ్గరే ఉన్నా, ఫోన్ చూడను. మైక్ ఎవరు తెస్తున్నారు?

నెల్లూరు బాబాయ్
మైకెందుకు, నేనున్నాగా.